ఆట రాకమునుపే చాటింపు

తార్నాక కూడలి వద్ద బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయపు దారి పట్టిన విద్యార్థులు ఇద్దరు ఒకే ఫోను మీద తలలు వంచి నడచుచున్నారు. ఫోనులో ఒకటిన్నర నిమిషముల చిత్రము ఆడుచున్నది. వానలో తడిసిన పెద్ద నగరము, పరుగెత్తు కార్లు, ఎవరివో రెండు కన్నులు. చివర నల్లని తెర మీద ఒక పేరు, ఆ పేరు క్రింద ఒక సంవత్సరము. అది ఇంకను తయారు కాని ఒక వీడియో ఆటకు ప్రకటన.

“ఎప్పుడొస్తదిరా?”

“వచ్చే ఏడాది అంటున్నరు.”

“పోయినేడు గూడ గదే అన్నరు గద!”

ఈ సంభాషణ నవ్వు పుట్టించునదే. కాని ఇందులో విజ్ఞానశాస్త్ర విద్యార్థి విడువరాని ప్రశ్న ఒకటి కలదు. ఇంకను లేని వస్తువునకు తేది చెప్పుట ఎట్టి మాట? అది లెక్కయా, సంకల్పమా, లేక ఆశ చూపుటయా? వీడియో ఆటలు తయారుచేయు కంపెనీలు తమ ప్రచారమును ఎంత ముందుగా, ఏ అదను చూచి మొదలుపెట్టుచున్నవి, అందు మెచ్చదగినది ఏది, మెచ్చరానిది ఏది అను విషయములను ఇచ్చట పరిశీలింతము.

రెండు రకముల తేదీలు

ముందుగా ఆ ఇద్దరు విద్యార్థులు నడచుచున్న విశ్వవిద్యాలయపు చరిత్ర నుండియే రెండు ఉదాహరణములు.

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినది. చంద్రుని నీడ కర్ణాటక తీరమున మన దేశములో ప్రవేశించి, తెలుగు నేల మీదుగా ఒరిస్సా తీరమునకు సాగిపోయినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉండుటచే శాస్త్రజ్ఞులు అచ్చట పరికరములు అమర్చుకొని వేచియుండిరి. ఆ గ్రహణపు తేది అనేక సంవత్సరములకు ముందే పట్టికలలో అచ్చుపడియున్నది. గ్రహణము ఆ దినముననే వచ్చినది. దానిని వాయిదా వేయుట ఎవరి తరమును కాదు.

రెండవ ఉదాహరణము వేరు విధమైనది. 1887లో ప్యారిస్ నగరమున సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములలో బంధించి, నక్షత్రముల స్థానములతో ఒక మహా పట్టికను సిద్ధము చేయవలెనని సంకల్పించిరి. పనిని పలు దేశముల వేధశాలలు పంచుకొన్నవి. దక్షిణ క్రాంతి 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ తరువాతి కాలమున హైదరాబాదులోని నిజామియా వేధశాల వంతునకు వచ్చినది. చాట్‌వుడ్, పోకాక్, టి. పి. భాస్కరన్ గార్లు ఒకరి తరువాత ఒకరు ఆ వేధశాలకు అధిపతులై పని నడిపించిరి. 1919లో ఆ వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయపు పాలనలోనికి వచ్చినది. పదిపదునైదేండ్లలో ముగియునని మొదట అనుకొన్న ఆ ప్రపంచ ప్రయత్నములో పట్టిక పూర్తియగునప్పటికి ఇరువదవ శతాబ్దము సగము దాటినది. దానితోపాటు తలపెట్టిన ఆకాశ పటములైతే ఎన్నడును పూర్తి కాలేదు.

మొదటిది లెక్కకు అందు తేది. రెండవది సంకల్పమునకు చెందిన తేది. గ్రహణమునకు కారణమైన సూర్యచంద్రుల గతులు మనకు తెలియును. కావున తేదిని లెక్కించి చెప్పవచ్చును. మనుష్యులు కలిసి చేయు క్రొత్త పని ఎప్పుడు ముగియునో అట్లు లెక్కింపరాదు, ఊహించి చెప్పవలసినదే. ఊహ తప్పుట నేరము కాదు. నక్షత్ర పట్టిక ఆలస్యమైనందుకు ఆ శాస్త్రజ్ఞులను ఎవరును మోసగాండ్రు అనలేదు. ఏలనగా వారు చేసినంత పనిని సంపుటములుగా అచ్చువేసి లోకము ముందుంచిరి. చూపినది చేసిన పని. చేయవలసిన దానిని చేసినట్లు చూపలేదు.

వీడియో ఆట విడుదల తేది ఈ రెండవ జాతికి చెందినది. కాని దానిని చాటు ప్రకటన మొదటి జాతి స్వరముతో మాటలాడును. సంకల్పమును గ్రహణము వలె చాటుట, ఈ వ్యాపారములోని మూలదోషము ఇదియే.

నిరీక్షణలోని శాస్త్రము

ఐనను కంపెనీలు ముందుగా చాటుట ఏల? ఆట సిద్ధమైన దినమున అంగడిలో పెట్టి ఊరకుండరాదా? దీనికి మనస్తత్త్వ శాస్త్రము మంచి సమాధానము చెప్పును.

జర్మనీ దేశస్థుడైన ఎబ్బింగ్‌హాస్ 1885లో మరపును గూర్చిన తన ప్రయోగములను ప్రకటించెను. అర్థములేని అక్షరగుచ్ఛములను తానే వల్లెవేసి, కొంత కాలము గడచిన పిదప తిరిగి నేర్చుకొనుటకు ఎంత శ్రమ తగ్గినదో కొలిచెను. ఒక గంట తరువాత శ్రమలో ఆదా సుమారు 44 శాతము. ఒక దినము తరువాత 34 శాతము. 31 దినముల తరువాత 21 శాతము. అనగా మరపు మొదట వేగముగాను, తరువాత మెల్లగాను సాగును. నడుమ నడుమ గుర్తుచేయుచుండిన మరపు తగ్గును. చిన్న టీజరు, పిదప పెద్ద ట్రైలరు, పిదప ఆటలోని ఒక దృశ్యము, పిదప తేది అని ప్రకటనలను విడివిడిగా వదలుట ఈ సూత్రమును అనుసరించియే. మంచి ఉపాధ్యాయుడు పాఠమును పునశ్చరణ చేయించుటయు ఇదే సూత్రము. ప్రయోజనము మాత్రము వేరు.

నిరీక్షణలో కూడ ఒక సుఖము కలదు. 1987లో అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త జార్జి లోవెన్‌స్టైన్ ప్రకటించిన పరిశోధనలో విశ్వవిద్యాలయ విద్యార్థులను ఒక చమత్కారమైన ప్రశ్న అడిగిరి. మీ అభిమాన సినీతార నుండి ఒక ముద్దు లభించుటకు ఎంత సొమ్ము ఇత్తురు? ఇప్పుడే ఐన ఎంత, మూడు దినముల తరువాత ఐన ఎంత, ఒక సంవత్సరము తరువాత ఐన ఎంత? విద్యార్థులు ఎక్కువ విలువ కట్టినది ఇప్పటికిప్పుడు లభించు దానికి కాదు, మూడు దినముల తరువాత లభించు దానికి. ఊరించుకొనుటకు కొంత వ్యవధి కావలెను. కాని సంవత్సరమనగానే విలువ తగ్గినది. పండుగ కంటె పండుగ ముందు రోజు ఎక్కువ సందడిగా ఉండుట ఎరిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు.

మెదడులో జరుగునది ఏమి? వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోతులపై చేసిన ప్రయోగములలో ఒక సంకేతము చూపి, కొంచెము సేపటికి పండ్లరసము ఇచ్చెను. మొదట రసము నోట పడినప్పుడు డోపమైను అను రసాయనమును విడుచు నాడీకణములు చురుకుగా స్పందించినవి. సంకేతమునకు, రసమునకు గల సంబంధము కోతికి పట్టుబడిన పిమ్మట ఆ స్పందన రసము వద్ద గాక సంకేతము వద్దనే కనిపించినది. సంకేతము చూపి రసము ఇవ్వకున్న, రసము రావలసిన క్షణమున ఆ కణముల చురుకు మామూలు కంటె తగ్గిపోయినది. 1997లో షుల్ట్జ్, డయాన్, మాంటెగ్యూ అను వారు ప్రకటించిన వ్యాసము ఈ విషయమును స్పష్టపరచినది. మెదడు ప్రతిఫలమును మాత్రమే కాక, అనుకొన్నదానికి, లభించినదానికి గల భేదమును కూడ కొలుచుచున్నదని దీని సారాంశము.

ట్రైలరు ఆ సంకేతము వంటిది. ఆట ఆ రసము వంటిది. మానవుని కోరికలు కోతి ప్రయోగము కంటె చిక్కైనవి కావున ఈ పోలికను మితముగానే వాడవలెను. ఐనను రసము ఎంత ఊరించిన, అది అందనప్పుడు కలుగు లోటు అంత తెలియునను పాఠము ఇచ్చటను వర్తించును.

దూరపు చాటింపు, దగ్గరి చాటింపు

చిరకాలము ఈ చాటింపులకు ఒక జాతర వంటి స్థలముండెను. అమెరికాలో 1995లో మొదలైన ఈ-త్రీ ప్రదర్శన అది. చాల సంవత్సరములు వేసవిలో, ముఖ్యముగ జూన్ నెలలో జరుగుటచే, కంపెనీలు తమ పని ఏ దశలో నున్నను జూన్ నాటికి చూపుటకు ఏదో ఒకటి సిద్ధము చేయవలసివచ్చెడిది. ఆట పక్వమైనప్పుడు గాక, జాతర వచ్చినప్పుడు చాటింపు జరిగెడిది. 2011లో నింటెండో సంస్థ తన వార్తలను తానే వీడియో ద్వారా నేరుగ వినిపించు పద్ధతిని ప్రారంభించినది. క్రమముగ ఇతరులును ఆ దారి పట్టిరి. 2019 తరువాత ఆ ప్రదర్శన మునుపటి రూపమున జరుగలేదు. 2023 డిసెంబరులో దానిని శాశ్వతముగ ముగించినట్లు ప్రకటించిరి. జాతర పోయినది గాని, తొందర పూర్తిగ పోలేదు.

దూరపు చాటింపునకు మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము పోలండు దేశపు సీడీ ప్రాజెక్ట్ సంస్థ తయారుచేసిన సైబర్‌పంక్ 2077. దీనిని 2012లో ప్రకటించి, 2013 జనవరిలో టీజరు చూపిరి. ఎప్పుడు వచ్చుననగా, సిద్ధమైనప్పుడని మాత్రమే అప్పుడు చెప్పిరి. అంతవరకు ఆ మాట నిజాయితీ గలదే. 2019 జూన్ 9న మాత్రము 2020 ఏప్రిల్ 16 అని తేది నిర్ణయించిరి. ఆ తేది సెప్టెంబరు 17కు, అటుపిమ్మట నవంబరు 19కి, చివరకు డిసెంబరు 10కి మారినది. అక్టోబరు 5న ఆట ముద్రణకు సిద్ధమైనదని చాటి, అదే నెల 27న మరల వాయిదా వేయుట విశేషము. డిసెంబరు 10న విడుదలైన ఆట పాత యంత్రములపై సరిగా నడువలేదు. వారము తిరుగగానే, డిసెంబరు 17న, సోనీ సంస్థ దానిని తన ప్లేస్టేషన్ అంగడి నుండి తొలగించి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇచ్చుటకు సిద్ధపడినది. 2021 జూన్‌లో గాని అది మరల ఆ అంగడిలోనికి రాలేదు.

ఇంతకంటె దూరపు చాటింపులును కలవు. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అను ఆటను 1997లో ప్రకటించిరి. అది 2011లో వచ్చినది. ప్రకటన నాడు అయిదవ తరగతిలో నున్న బాలుడు ఆట చేతికి వచ్చునప్పటికి ఉద్యోగము చేయుచుండును. ఎల్డర్ స్క్రోల్స్ ఆరవ భాగమునకు 2018 జూన్‌లో కొండలు, పేరు మాత్రము కనిపించు అర నిమిషపు చిత్రము చూపిరి. 2025 ముగియునప్పటికిని ఆట రాలేదు.

ఆ ఎల్డర్ స్క్రోల్స్ తయారుచేయు బెథెస్డా సంస్థయే దీనికి విరుద్ధముగ కూడ చేసి చూపినది. ఫాల్అవుట్ 4 అను ఆటను 2015 జూన్ 3న ప్రకటించి, అదే సంవత్సరము నవంబరు 10న విడుదల చేసిరి. వ్యవధి 160 దినములు, వాయిదా లేదు. అపెక్స్ లెజెండ్స్ అను ఆటనైతే 2019 ఫిబ్రవరి 4న ప్రకటించి ఆ దినమే విడుదల చేసిరి. మొదటి వారములో రెండున్నర కోట్ల మంది ఆడిరి. దీర్ఘ ప్రచారము లేనిదే జనము రారను వాదము సర్వత్ర నిజము కాదని ఇందువలన తెలియుచున్నది. కాని ఇందొక మెలిక కలదు. అపెక్స్ ఉచితముగ లభించునది. ఫాల్అవుట్ అప్పటికే పేరు గలది. పేరులేని చిన్న సంస్థ ఒక్క దినమున ప్రకటించి విడుదల చేసిన, ఆ ఆట వచ్చిన సంగతియే ఎవరికిని తెలియకపోవచ్చును. ఎక్కువ ముందుగా చాటుట తప్పని అందరికి ఒకే కొలబద్ద పెట్టుట న్యాయము కాదు.

ఒకరి తేది మరియొకరికి చిక్కు తెచ్చుటయు కలదు. ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ అను చిన్న బృందము హాలో నైట్ సిల్క్‌సాంగ్ అను ఆటను 2019 ఫిబ్రవరిలో ప్రకటించినది. ఆరేండ్లు గడచిన తరువాత 2025 ఆగస్టు 21న, సెప్టెంబరు 4న విడుదల అని రెండు వారముల గడువుతో చెప్పినది. ఆ తేదీల సమీపమున తమ ఆటలను విడుదల చేయదలచిన పలు చిన్న బృందములు వెనుకకు జరిగినవి. సంక్రాంతికి పెద్ద సినిమా పడుచున్నదనగా చిన్న సినిమా మరొక శుక్రవారము వెదకుకొనుట తెలుగువారికి క్రొత్త సంగతి కాదు.

మన ముంగిట

మన దేశమున ఎక్కువ మంది విద్యార్థులు ఆటలు ఆడునది ఫోనులో. కావున ఇచ్చటి చాటింపుల తీరు కొంత వేరు. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వము పబ్‌జీ మొబైల్‌తో సహా పలు యాప్‌లను నిషేధించినది. రెండు దినములకే, సెప్టెంబరు 4న, ఫౌజీ అను స్వదేశీ ఆట రానున్నదని బెంగుళూరుకు చెందిన ఎన్‌కోర్ సంస్థ ప్రకటించినది. అదను చూచి వేసిన చాటింపు అనగా ఇదియే. దసరానాడు చూపిన టీజరులో నవంబరు అనిరి. చివరకు 2021 జనవరి 26న, గణతంత్ర దినోత్సవమునాడు, మొదటి ప్రకటన తరువాత 144 దినములకు ఆట వచ్చినది. నిషేధమునకు గురియైన ఆట స్థానమును ఇది భర్తీ చేయునని పలువురు పిల్లలు ఊహించియుండిరి. విడుదలనాడు అందున్నది ఒంటరిగా ఆడు కథాభాగము మాత్రమే. జట్లుగా పోటీపడు భాగము 2021 జూన్‌లో గాని పరీక్షార్థము రాలేదు. ఊహ ప్రేక్షకులదే కావచ్చును. కాని ఆ ఊహ పుట్టునట్లు కాలమును ఎంచుకొన్నది ప్రకటన.

పబ్‌జీ రూపకర్తలైన దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ సంస్థ 2021 మే 6న బీజీఎంఐ అను పేరుతో క్రొత్త ఆటను ప్రకటించి, మే 18న ముందస్తు నమోదు తెరచి, జూలై 2న ఆండ్రాయిడ్ ఫోనులకు విడుదల చేసినది. మొత్తము 57 దినములు. రెండు వారములలో రెండు కోట్ల నమోదులు వచ్చినవని ఆ సంస్థ చెప్పినది. నమోదు చేసిన పిల్లవాడు పైసా చెల్లింపలేదు గదా, నష్టమేమని అడుగవచ్చును. అతడిచ్చినది సొమ్ము కాదు, తన పేరును లెక్కలో చేర్చుకొను హక్కు. ఆ లెక్కయే మరల ప్రకటనగా మారి మరి కొందరిని పిలుచును. పూణేలోని సూపర్‌గేమింగ్ సంస్థ ఇండస్ అను ఆటకు 2023 జనవరిలో నమోదు తెరచి 2024 అక్టోబరులో విడుదల చేసినది. ఇంత వ్యవధిలో ఒక విద్యార్థి తొమ్మిది నుండి పదునొకండవ తరగతికి వచ్చును. అతని అభిరుచియు మారియుండును.

తెలుగు సినిమా ఈ విద్యలో వెనుకబడినది కాదు. ఆర్ఆర్ఆర్ చిత్రమునకు 2020 జూలై 30 అని 2019 మార్చిలోనే తేది చెప్పిరి. అది 2021 జనవరి 8కి, అక్టోబరు 13కు, 2022 జనవరి 7కు మారి, చివరకు 2022 మార్చి 25న తెరకెక్కినది. అందు అధికభాగము కరోనా మహమ్మారి వలననే. మహమ్మారిని ఎవరును ముందుగా లెక్కింపలేరు. సంకల్పపు తేది అనగా ఎంత మెత్తనిదో దీనివలననే తెలియును. సినిమాకు, ఆటకు ఒక భేదము కలదు. సినిమా ట్రైలరులో కనిపించు దృశ్యము చాలవరకు చిత్రీకరించినదే. ఆట ట్రైలరులో కనిపించునది ఆడదగిన ఆట కాకపోవచ్చును; ప్రకటన కొరకే వేరుగ గీయించిన బొమ్మ కావచ్చును. చూచువానికి ఈ భేదము పట్టుకొనుట కష్టము.

మూల్యము ఎవరిది?

కంపెనీల పక్షమున చెప్పవలసిన మాటలు లేకపోలేదు. ముందుగా చాటిన, నేర్పరులైన పనివారు చేరుటకు వత్తురు. పెట్టుబడిదారులకు ధైర్యము కలుగును. రహస్యముగ బయటపడిన వదంతులకు సమాధానము దొరకును. వాయిదా వేయుట కూడ ఎల్లప్పుడు దోషము కాదు. 2017లో ప్రకటించిన మెట్రాయిడ్ ప్రైమ్ 4 పని తమకు తృప్తి కలిగించుట లేదని, మొదటి నుండి మరల చేయుచున్నామని 2019 జనవరిలో నింటెండో అధికారి స్వయముగ తెరపైకి వచ్చి చెప్పెను. ఆట 2025 డిసెంబరు 4న వచ్చినది. జీటీఏ ఆరవ భాగమునకు మొదట 2025 అనిరి. 2025 మే 2న దానిని 2026 మే 26కు, మరల 2025 నవంబరు 6న 2026 నవంబరు 19కి మార్చిరి. సగము ఉడికిన అన్నము వడ్డించుట కంటె ఆకు ముందు కూర్చున్న వానిని కొంచెము ఆగుమనుట మేలు. కాని అన్నము పొయ్యి మీద పెట్టకమునుపే ఆకులు వేయుట దేనికి అనునదే ప్రశ్న.

ఆ తొందరకు మూల్యము చెల్లించువారు ఇరువురు. మొదటివాడు కొనువాడు. ఆట రాకమునుపే పూర్తి ధర చెల్లించి పేరు వ్రాయించుకొను పద్ధతి కలదు. వస్తువు కంపెనీ అంగడిలో కొదువగా దొరకు దినములలో దానికి అర్థముండెను. నేడు ఆట అంతర్జాలము ద్వారా దిగుమతి యగుచున్నది. అది ఎన్నటికిని అయిపోవు సరకు కాదు. ఐనను ముందుగా చెల్లించుమని అడుగుచున్నారు. అట్లు చెల్లించిన విద్యార్థి పరీక్షింపని వస్తువునకు తల్లిదండ్రుల సొమ్ము ఇచ్చినవాడగును.

రెండవవాడు ఆ ఆటను తయారుచేయు పనివాడు. వీనిని గూర్చి ఆడువారు తలచుట అరుదు. సైబర్‌పంక్ విషయముననే చూడుడు. పనివారిని నిర్బంధించి ఎక్కువ గంటలు పని చేయింపమని 2019లో చెప్పిన సంస్థ, 2020 సెప్టెంబరు చివర విడుదలకు ముందు వారమునకు ఆరు దినముల పని తప్పనిసరి చేసినది. తేది లోకమంతట చాటబడినది, పని మిగిలియున్నది, ఈ రెంటి నడుమ నలిగినది మనుష్యుల నిద్ర. తార్నాక దారిలో ఫోను చూచుచున్న ఆ విద్యార్థులలో ఒకడు రేపు కంప్యూటరు శాస్త్రము చదివి ఇట్టి సంస్థలోనే చేరవచ్చును. నేడు అతనిని ఊరించుచున్న తేది రేపు అతని మెడ మీద కూర్చుండును. కావున ఇది కేవలము వినోదమునకు సంబంధించిన విషయము కాదు.

చూపుట కాదు, ఆడించుట

మంచి మార్గము ఉన్నదా? ఉన్నది; అది పాతదే. 1993 ఆరంభమున ఇడ్ సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ డూమ్ అను ఆటను చేయుచున్నామని ప్రకటించి, ఆ సంవత్సరము డిసెంబరు 10న దాని మొదటి భాగమును ఉచితముగ పంచినది. ఆ భాగమును అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరులో ఉంచగా, జనుల తాకిడికి అది స్తంభించినది. మొదటి భాగము ఆడి, నచ్చినవారే తక్కిన భాగములను కొనిరి. ఇచ్చట ప్రకటనయే వస్తువు; వస్తువే ప్రకటన. నిజామియా వేధశాల నక్షత్ర సంపుటములు అచ్చువేసినట్లు, చేసినంత పనిని ముందుంచుట ఇదియే.

నేడు స్టీమ్ అను అంతర్జాలపు అంగడిలో రానున్న ఆటల నమూనాలను కొన్ని దినములు ఉచితముగ ఆడనిచ్చు ఉత్సవములు జరుగుచున్నవి. పెద్ద ప్రకటనలకు సొమ్ము లేని చిన్న బృందములకు ఇవి మేలు చేయును. హైదరాబాదులో కూడ అట్టి చిన్న బృందములు కలవు. పురాణ వాసన గల అసుర అను ఆటను 2017లో విడుదల చేసిన ఓగర్ హెడ్ స్టూడియో ఈ నగరమునకు చెందినదే. అట్టి బృందము ఒకటి తన ఆటను ముందుగా ప్రకటించిన తప్పుపట్టుట తగదు. ఆ ప్రకటనతో ఆడదగిన తునక ఒకటి ఉన్నదా అని అడుగుట తగును.

తరగతి గదిలో

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థి ఒక తీగ పొడవును కొలిచి 25 సెంటీమీటర్లు అని వ్రాసిన, ఉపాధ్యాయుడు వెంటనే దోషపరిమితి ఎంత అని అడుగును. దోషపరిమితి లేని కొలత అసంపూర్ణము. విడుదల తేదికిని ఇదే నియమమును వర్తింపజేయవచ్చును. ఆటల ప్రకటనలలో దోషపరిమితిని ఎవరును వ్రాయరు గాని, దానిని విద్యార్థులే లెక్కకట్టవచ్చును.

ఒక పట్టికలో నాలుగు నిలువు గడులు గీయవలెను. తేది చెప్పిన దినము, చెప్పిన తేది, నిజముగ వచ్చిన తేది, ముందుగా చూపినది బొమ్మయా లేక ఆడదగినదా అనునవి ఆ గడులు. ఆలస్యమైన దినములను, మొదట చెప్పిన వ్యవధిచే భాగింపవలెను. సైబర్‌పంక్‌నకు 2019 జూన్ 9 నుండి 2020 ఏప్రిల్ 16 వరకు చెప్పిన వ్యవధి 312 దినములు. ఆలస్యము 238 దినములు. భాగహారము చేసిన 0.76 వచ్చును. ఫాల్అవుట్ 4కు సున్న. 1980 నాటి గ్రహణమునకును సున్న. కాని ఆ సున్న ప్రకృతి నియమము వలన వచ్చినది, ఈ సున్న పని దాదాపు ముగిసిన తరువాత నోరు తెరచుట వలన వచ్చినది. ఒక్కొక్క విద్యార్థి తనకు తెలిసిన అయిదు ఆటలకో, సినిమాలకో ఈ లెక్క చేసిన, తరగతి మొత్తమునకు మంచి పట్టిక తయారగును. ఎంత ఎక్కువ ముందుగా చెప్పిన అంత ఎక్కువ ఆలస్యము జరుగుచున్నదా అను ప్రశ్నకు వారే గ్రాఫు గీసి సమాధానము వెదకవచ్చును. ఊరింపునకు లొంగిన మనస్సు కొలతకు దిగిన క్షణము నుండి స్వతంత్రమగును.

ఆటలు ఆడవద్దని పిల్లలకు చెప్పుట వలన ప్రయోజనము లేదు. అవి చిత్రకళ, సంగీతము, గణితము కలిసి పండిన పంట. రానున్న ఆటకై ఆశగా ఎదురుచూచుటయు తప్పు కాదు. ఆ ఎదురుచూపును సరకుగా మార్చి అమ్మువాని మాటను తూచి తీసికొనుట నేర్పిన చాలును.

అప్పుడు తార్నాక దారిలో ఆ విద్యార్థుల సంభాషణ మరియొక రీతిగ సాగును. ఒకడు క్రొత్త ట్రైలరు చూపి సంవత్సరము పేరు చెప్పగానే, రెండవవాడు ఫోను నుండి తల యెత్తి, “బొమ్మ బాగనే ఉందిరా. ఆడి చూడనిస్తున్నరా?” అని అడుగును.